సిగ్గు వీడాలి, చికిత్స సాధించాలి

కార్మిక సంఘ పత్రికలో వరిబీజం గురించి సంపాదకీయమా అని కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. వేతనాలు, కరువు భత్యం, పని గంటలు, ఖాళీల భర్తీ మన ప్రధాన సమస్యలన్నది నిజమే. కాని ఆ వేతనాన్ని సంపాదించి పెట్టేది శ్రామికుని శరీరం. ఆ శరీరాన్ని ఏళ్ల తరబడి కుంగదీస్తున్నా, సభలో లేచి చెప్పుకోవడానికి మనిషి సిగ్గుపడే వ్యాధి ఇది. చెప్పుకోలేని బాధ కోర్కెల పత్రంలోకి ఎక్కదు. కోర్కెల పత్రంలో లేని బాధకు పరిష్కారం దొరకదు.

వృషణం చుట్టూ ఉండే పొరలో నీరు చేరడమే వరిబీజం. పల్లెలలో దీనినే బుడ్డ అంటారు. దెబ్బ తగిలినా, ఇతర కారణాల వల్లనైనా ఇది రావచ్చును. అయితే బోదకాలు వ్యాపించిన ప్రాంతాలలో దీనికి ముఖ్య కారణం ఫైలేరియా క్రిమి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఈ క్రిమి కారణంగా వరిబీజంతో బాధపడుతున్న పురుషులు ప్రపంచంలో సుమారు 2.5 కోట్ల మంది. కాళ్ల వాపుతో బాధపడేవారి కంటె వీరే ఎక్కువ. బోదకాలు నలుగురి కంటా పడుతుంది, వరిబీజం పంచె చాటున దాగి ఉంటుంది.

ఇది పూర్వజన్మ పాపమూ కాదు, నడవడిలో దోషమూ కాదు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి రక్తంలో ఈ క్రిమి పిల్లలను గుర్తించాడు. 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ అవి దోమ శరీరంలో పెరుగుతాయని కనుగొన్నాడు. మన దేశంలో దీనిని వ్యాపింపజేసేది ముఖ్యంగా మురుగునీటిలో పెరిగి రాత్రివేళ కుట్టే క్యూలెక్స్ దోమ. రాత్రి పహరా తిరిగే గ్యాంగ్‌మన్, లెవెల్ క్రాసింగు వద్ద మేలుకొని ఉండే గేటుమన్, తెల్లవార్లూ ఉత్తరాలు వేరుచేసే ఆర్.ఎం.ఎస్. సోదరుడు — వీరందరూ ఆ దోమకు అందుబాటులో ఉన్నవారే. రైల్వే క్వార్టర్ల వెనుక పారుదల లేని మురుగు కాలువ ఉంటే, అది కేవలం దుర్వాసన సమస్య కాదని యాజమాన్యం గ్రహించవలసి ఉన్నది.

వరిబీజం ఉన్నవాడు పట్టాలెత్తే పని చేయడం, సైకిలు మీద మైళ్ల కొద్దీ తపాలా మోయడం ఎంతటి నరకమో అనుభవించినవారికే తెలుసు. అయినా శస్త్రచికిత్సతో ఇది నయమవుతుంది. ఆ శస్త్రచికిత్స పెద్ద నగరాలకు మాత్రమే పరిమితమైన అపురూప వైద్యం కాదు. ఫైలేరియా మాత్రలు క్రిమి వ్యాప్తిని అరికడతాయే గాని, ముదిరిన బుడ్డను కరిగించవు. కనుక నాటుమందులతో కాలయాపన చేయరాదు. పైగా ప్రతి వాపూ వరిబీజం కాదు. అది గిలక కావచ్చును. నొప్పి లేని గట్టి గడ్డ అయితే క్యాన్సరు కూడా కావచ్చును. ఏదన్నదీ తేల్చవలసినది వైద్యుడే.

జాతీయ ఫైలేరియా నియంత్రణ పథకం 1955లో ఆరంభమైనది. 2004 నుండి ఏటా సామూహికంగా మాత్రలు పంచే కార్యక్రమం చేపట్టారు. వ్యాధి నిర్మూలనకు 2027ను ప్రభుత్వం గడువుగా ప్రకటించింది. గడువులు ప్రకటించినంత మాత్రాన దోమలు చావవు. మాత్రలు ఇచ్చేవారు పగలు ఇంటికి వచ్చేసరికి మనవాడు లైను మీద ఉంటాడు. అందుచేత మేము కోరుతున్నది ఇది: గ్యాంగు గుడిసెల వద్ద, స్టేషన్లలో, సార్టింగు కార్యాలయాలలో మాత్రలు పంచాలి. వ్యాధి ఉన్న ప్రాంతాలలో రాత్రివేళ రక్తపరీక్షలు జరపాలి. శస్త్రచికిత్స అనంతరం వేతనంతో సెలవు, కోలుకొనే వరకు తేలిక పని ఇవ్వాలి. క్వార్టర్ల మురుగు కాలువలను బాగుచేయాలి. శాఖ ఉద్యోగులతో సమానంగా వైద్య సదుపాయం కావాలని గ్రామీణ డాక్ సేవకులు ఏళ్ల తరబడి కోరుతున్నారు. ఆ కోర్కె తక్షణం నెరవేరాలి. ఒకే సంచి మోసే ఇద్దరిలో ఒకరికి ఆసుపత్రి, మరొకరికి అప్పు అన్న నీతిని మేము అంగీకరించము.

శాఖా కార్యదర్శులకు ఒక మాట. ఈ బాధతో ఉన్న సోదరుడు తానై మీ వద్దకు రాడు. మీరే అతని వద్దకు వెళ్లండి, ఒంటరిగా పిలిచి మాట్లాడండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి. ఎగతాళి చేసేవారిని వారించండి. సాటి కార్మికుని సిగ్గును పంచుకోలేని సంఘం అతని పోరాటాన్ని ఏమి పంచుకోగలదు?