పెద్దమనుషుల వ్యసనం

కీర్తి గడించినవారి స్వీయచరిత్రలు తరచు పూలదండలతోనే నిండి వుంటాయి. ఆంగ్లదేశపు గిటారు విద్వాంసుడు ఎరిక్ క్లాప్టన్ 2007లో ప్రకటించిన ఆత్మకథ అటువంటిది కాదు. రాక్ సంగీతమంటే మన యిళ్ళలో పెద్దలకు గిట్టదు, పిల్లలకు మోజు. అయినా యీ పుస్తకం సంగతి యిద్దరికీ చెప్పదలచాము.

ఆయన 1945లో పుట్టాడు. కన్నతల్లిని అక్క అనుకుంటూ అమ్మమ్మ యింట పెరిగాడు. యిరవై యేళ్ళు దాటీ దాటకముందే లండన్ కుర్రకారు ఆయనను దేవుడన్నారు. 1971 ఆగస్టులో మన పండిట్ రవిశంకర్, జార్జి హారిసన్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం న్యూయార్కులో కచేరీ చేసినప్పుడు క్లాప్టన్ కూడా వాయించాడు. కాని హెరాయిన్ అందక అప్పుడాయనకు వొళ్ళు స్వాధీనంలో లేదు. 1974 నాటికి ఆ మత్తుమందు మానాడు.

కథ సుఖాంతమైందనుకుంటాము గదా! హెరాయిన్ పోయిన చోట మద్యం చేరింది. హెరాయిన్ అంటే హడలిపోయే లోకం గ్లాసును చూసి హడలలేదు. అది అంగట్లో దొరికేది, విందులో వడ్డించేది, పెద్దమనుషుల వ్యసనం! 1982లో అమెరికాలో హేజల్డెన్ చికిత్సాలయంలో చేరాడు. మళ్ళీ తాగాడు. 1987లో రెండవసారి చేరి, తన వల్ల కాదని వొప్పుకుని, మోకరిల్లి సాయం వేడుకున్నాడు. 1991లో నాలుగేళ్ళ కొడుకు మేడమీది కిటికీలోంచి పడి మరణించినా సీసా ముట్టలేదు. 1998లో ఆంటిగ్వా దీవిలో వ్యసనపరులకు చికిత్సాలయం నెలకొల్పి, మరుసటి యేడు దాని కోసం తన గిటార్లు వంద వేలం వేశాడు.

యిక మన సంగతి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారాపై తిరగబడ్డారు. 1995లో ఆంధ్రదేశమంతా మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. యిక్కడ చంద్రపూరు జిల్లాలోనూ ఆడవాళ్ళే పోరాడారు. 2015 ఏప్రిల్ 1న నిషేధం వచ్చింది, 2021లో పోయింది. అంగడి మూసినా తెరచినా, తాగేవాడు మాత్రం మన యింటి మనిషే.

ఆ మాట పైకి చెప్పము. పిల్ల సంబంధం చెడుతుందని, నలుగురిలో నామర్దా అని దాస్తాము. ఆఫీసుకు కబురంపవలసి వస్తే జ్వరమని భార్య చేత చెప్పిస్తాము. మధుమేహమంటే పదిమంది పది డాక్టర్ల పేర్లు చెబుతారు. తాగుడంటే వొట్టు, మొక్కు, లేదా పెళ్ళి! పెళ్ళయితే బాగుపడతాడని పరాయి పిల్లను ఆ యింట దింపడం మహాపాపం.

తాగుడు జబ్బు. చాలాకాలం విపరీతంగా తాగినవాడు వొక్కసారిగా మానితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణానికే ముప్పు. అందుచేత వొట్టు వేయించి గదిలో పెట్టి గడియ వేయకండి, డాక్టరుకు చూపండి. కేంద్రప్రభుత్వం వారి ఉచిత ఫోను 14446 కూడా వున్నది. యిల్లాళ్ళూ, బిడ్డలూ సిగ్గుపడకుండా అడగవచ్చు.

వొకసారి మాని మళ్ళీ జారినవాడిని యింక బాగుపడడని వదలకండి. అంతటి పేరు, అంత డబ్బు వున్న క్లాప్టన్ కూడా ఆసుపత్రి మెట్లు రెండుసార్లు యెక్కవలసి వచ్చింది.