బందరులో ఒలందుల సమాధులు

బందరని పిలిచే మచిలీపట్నంలో పరాసుపేట ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది, వలందపాలెం ఉంది. ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు, డచ్చివారు వెళ్లిపోయినా పేటలకు వాళ్ల పేర్లు ఉండిపోయాయి. ఈ ముగ్గురిలో ముందొచ్చిన డచ్చివారు, మన పెద్దలు ఒలందులన్నవారు, తమ మృతులను కూడా ఈ ఊరికి అప్పగించి పోయారు.

గోలకొండ సుల్తానుల కాలంలో, 1605లో, వాళ్లిక్కడ వర్తకస్థావరం పెట్టారు. ఆరేళ్లకు ఇంగ్లీషు కంపెనీ వచ్చింది. ఇద్దరినీ రప్పించింది మన బట్ట. తూర్పు దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే ఈ తీరంలో నేసి, అద్దిన బట్ట చేతిలో ఉండాలి. ఆ బేరానికి వచ్చి తిరుగు ఓడ ఎక్కలేకపోయిన డచ్చివారికి ఇక్కడి శ్మశానంలో వంశచిహ్నాలు చెక్కిన బరువైన రాతిపలకలు పరిచారు. అలెగ్జాండర్ రే 1897లో ప్రచురించిన గ్రంథంలో డచ్చివారి ఈ అవశేషాలు నమోదయ్యాయి. ఇప్పుడీ శ్మశానం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

పరాయివాళ్ల గోరీలు మనకెందుకని అడిగేవారుంటారు. ఆ రాళ్ల కింద పడుకున్నవారి సంపద మన మగ్గాల మీద పుట్టింది. బట్టలు మోసిన ఆ డచ్చి కంపెనీ ఓడలే కరువు రోజుల్లో ఈ తీరపు మనుషులను బానిసలుగా బటావియాకు, అంటే నేటి జకార్తాకు, చేర్చాయి. వాళ్లకు రాయి లేదు. నేసినవారికీ, రంగు అద్దినవారికీ లేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరు మీద పడితే ముప్ఫై వేల మంది పోయారంటారు. వాళ్లలో ఎందరి పేర్లు చెప్పగలం? రాయి నిలిచింది గనుక కొనుగోలుదారు పేరు తెలుస్తోంది. ఆ పేరు పట్టుకుని వెదికితేనే అమ్మినవాడి జాడ, నేసినవాడి జాడ దొరికే అవకాశం. అందుకే ఈ శ్మశానం బందరువాళ్ల సొంత ఆస్తి అంటున్నాం. ఆ పలకల్లో ఒక్క అక్షరం చెరిగినా నష్టం మనకే.

మంగినపూడి వైపు కొత్త రేవు పనులు సాగుతున్నాయి. పాత రేవు కథ పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు. బందరు బడులు పిల్లలను ఒక పూట ఈ సమాధుల దగ్గరకు తీసుకువెళ్లాలి. రాతి మీది పేర్లను తెలుగులో చదివి చెప్పాలి. మధ్యాహ్నం పక్కనే ఉన్న పెడన తీసుకెళ్లి, కలంకారీ బల్లల దగ్గర నిలబెట్టి, రంగులు కలిపే పనివారితోనే మిగతా కథ చెప్పించాలి.