స్పీకరు పెట్టెకు అతుకే ప్రాణం

సొంతంగా స్పీకరు పెట్టె చేయించుకునే నంద్యాల కుర్రాళ్లు నా దగ్గరికొచ్చి మొదట అడిగేది పాలిష్ గురించే. పీయూనా, డ్యూకోనా? తళతళ మెరవాలట. జిగురు సంగతి ఎత్తితే ‘ఏదో ఒక ఫెవికాల్‌లే సామీ’ అంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పాలిష్‌తో బేస్ పెరగదు. అతుకులోంచి గాలి కారితే మాత్రం తగ్గుతుంది. స్పీకరు కోన్ లోపలికి పోయినప్పుడల్లా పెట్టెలో గాలి నొక్కుకుంటుంది, మూలలో వెంట్రుకవాసి సందున్నా బుస్సుమంటూ బయటపడుతుంది. ఆ సందులో లప్పం కూరి, పైన రంగు కొట్టి అప్పజెప్పేవాళ్లు బోలెడు మంది. బేస్ బాగా ఉన్న పాట పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట మెల్లగా జరపండి. నిటారుగా లేచే పొగ ఒకచోట అదిరిందంటే లీకు అక్కడే.

ఆ సందు పడకూడదంటే జిగురు పూసే వేళ కూడా చూసుకోవాలి. మేలో మన ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. తెల్ల జిగురులో ఉండేది నీళ్లు. మిట్టమధ్యాహ్నం పూస్తే రెండో పలక తెచ్చేలోగా మీగడ కట్టేస్తుంది, ఇక చెక్కను పట్టదు. తెల్లారుజామునే కానిచ్చేయాలి. క్లాంపు బిగించినప్పుడు అతుకు పొడవునా సన్నటి చుక్కలు బయటికి రావాలి, రాలేదంటే జిగురు చాలలేదు. లోపలి మూలల్లో వేలితో ఇంకో పూత. స్క్రూలు వేశాం కదా అని గంటకే క్లాంపు విప్పే ఆచారులున్నారు, ఆ రాత్రికి ముట్టుకోనివ్వకండి. ఊరేగింపు బండ్ల మీద ఎండలో తిరిగే నల్ల పెట్టెలకు మెరైన్ రకం జిగురే వాడాలి. మామూలు తెల్ల జిగురు వేడికి మెత్తబడుతుంది.

ఆళ్లగడ్డ శిల్పులు ఒకే రాతిలోంచి విగ్రహాన్ని తీస్తారు, వాళ్లకు అతుకుల బెడద లేదు. వడ్రంగికి ఆరు పలకలు, పన్నెండు అంచులు. అదే ఊరి మిత్రుడొకాయన పెట్టంతా టేకుతోనే కావాలని పట్టుబట్టాడు. టేకులో నూనె ఉంటుంది. థిన్నర్‌తో తుడిచి వెంటనే అతికించకపోతే జిగురు సరిగా పట్టదు. పట్టినా, వానలకు ఉబ్బి ఎండలకు కుంచించుకుపోయే పలక అతుకును లాగుతూనే ఉంటుంది. 18 ఎం.ఎం. ప్లైవుడ్‌తో చేయించి పైన టేకు వెనీర్ వేయించుకోమన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఇక ఆ పీయూ పాలిష్ సంగతి. రెండు డబ్బాలు కలిపే రకంలో గట్టిపరిచే మందు ఐసోసయనేట్. స్ప్రే కొట్టేటప్పుడు పీలిస్తే ఉబ్బసం తెచ్చిపెట్టగలదు. మన దగ్గర ముక్కుకు తువ్వాలు చుట్టుకుని వసారాలోనే కొట్టేస్తున్నారు, తువ్వాలు దాన్ని ఆపదు. ఇంట్లో పాటలు వినే పెట్టెకు ఇంత ముప్పు దేనికి? లక్కను స్పిరిట్‌లో కరగబెట్టి గుడ్డతో రుద్దే పాత పాలిష్ చాలు. తడి గ్లాసు పెడితే తెల్లమచ్చ పడుతుంది, నిజమే. స్పీకరు మీద గ్లాసు పెట్టేవాడికి ఏ పాలిషూ అక్కరకు రాదు. మసకబారితే మళ్లీ రుద్దుకోండి, పాత పూత కొత్తదాంట్లో కరిగి కలిసిపోతుంది. పీయూ మీద లోతుగా గీత పడితే మాత్రం ఆ వైపంతా గీకి మొదటికి రావాల్సిందే, ఆ కూలీ మళ్లీ మీ జేబులోంచే.