మన కొండలోని చిన్న చెట్టు



మమ్రే దగ్గరి సింధూరవనమును గూర్చి (ఆది. 18:1) చదివిన ఆదివారం ఒక చిన్నవాడు, "అయ్యగారూ, ఆ చెట్టు మన వరికుంటపాడులో ఉందా?" అని అడిగాడు.

లేదు. అయితే పాలస్తీనాలో సింధూరం ప్రతిచోటా మహావృక్షం కాదు. రాతినేలల్లో తరచుగా పొదలాగానే పెరుగుతుంది. అలాంటి ఓర్పుగల చెట్టు మన వైపు కొండల్లోనూ ఉంది. దాన్ని మనవాళ్లు దేవదారు అంటారు. లెబానోను దేవదారుతో దానికి పేరే గాని జాతి కలవదు. నీళ్లు నిలవని ఇసుకనేలలో, రాళ్ల సందుల్లో పొట్టిగా ఎదుగుతుంది. చేవ మాత్రం గట్టిది, సువాసన గలది. ఉదయగిరి పనివారు చెంచాలు, గరిటెలు చెక్కే కర్రల్లో అదొకటి. 1876-78 నాటి మహాకరువులో మద్రాసు రాజధానిలో ఆకలిగొన్నవారు దాని ఆకులు తిన్నారు.

"మాది పనికిరాని నేల, ఇక్కడేం పెరుగుతుంది అయ్యగారూ?" అని నాతో అనేవారు చాలామంది. ఈ చెట్టు మంచి నేల కోసం కాచుకోలేదు. ఉన్నచోటనే వేరు పట్టింది, కరువునాడు బీదల చేతికి అందింది.

కనుక ఒక్క మనవి. కొత్త గడ్డి మొలుస్తుందని వేసవిలో కొండకు నిప్పు పెట్టకండి. గడ్డి ఒక్క వానకు వస్తుంది. కాలిన మొక్క స్థానంలో చెట్టు రావాలంటే మన పిల్లలు పెద్దవాళ్లవ్వాలి.