మీటరు చెప్పని వయసు

‘ఎనిమిదేళ్లయినా ముప్పై వేల కిలోమీటర్లు కూడా తిరగలేదండీ... కొత్త బండే అనుకోండి!’ పాత కార్లు అమ్మేచోట తరచూ వినిపించే మాట ఇది. కొనేవాళ్లు కూడా ముందు మీటరు వైపే చూస్తారు. కానీ కారు వయసు చెప్పడానికి మీటరు ఒక్కటే చాలదు. రోజూ కూరగాయల మార్కెట్‌కీ పిల్లల బడికీ మాత్రమే వెళ్లొచ్చే కారు, నెలకు నాలుగుసార్లు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొచ్చే కారుకన్నా ముందే ముసలిదైపోవచ్చు.

దగ్గరి ప్రయాణమే బరువు

ఇంజిన్ ఆపాక ఆయిల్ అడుగునున్న సంపులోకి దిగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు అది పైదాకా చేరేలోపు లోహపు భాగాలు ఒరుసుకుంటాయి. రెండు మూడు కిలోమీటర్లకే బండి ఆపేస్తే ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. దాంతో లోపలి తేమ, మండకుండా మిగిలిన ఇంధనం ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఆయిల్ సత్తువ తగ్గుతుంది, మడ్డి పేరుకుంటుంది. బ్యాటరీదీ ఇదే కథ. స్టార్టింగ్‌కు ఖర్చయిన ఛార్జింగ్ తిరిగి నిండకముందే ప్రయాణం అయిపోతుంది.

అందుకే వారానికి ఒకసారైనా అరగంటపాటు ఆగకుండా నడపండి. 2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్-6 డీజిల్ కార్లకు ఇది మరీ అవసరం. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ శుభ్రపడాలంటే బండి కాస్త వేగంగా, కొంతసేపు నడవాలి.

‘పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది’... ఆయిల్ మార్పు గురించి చాలా కార్ల మాన్యువల్‌లో ఉండే మాట ఇది. తక్కువ తిరిగే బండికి ‘ఏడాది’ అన్నదే లెక్క. పొద్దున్నే స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ బరబరా తొక్కడం, పది నిమిషాలు నిలబెట్టి వేడిచేయడం రెండూ అక్కర్లేదు. అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా వెళితే చాలు.

కాలు ఎక్కడుంది?

ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు ఆన్చి ఉంచడం చాలామందికి అలవాటు. ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం మరొకటి. రెండింటివల్లా క్లచ్ ప్లేటు వేడెక్కి త్వరగా అరిగిపోతుంది. ఎత్తులో ఆగితే హ్యాండ్ బ్రేకు వేయండి. సిగ్నల్ దగ్గర గేరు న్యూట్రల్ చేసి కాలు తీసేయండి.

బోరు నీళ్లు వద్దు

రేడియేటర్‌లో కూలెంట్ తగ్గితే చేతికందిన బోరు నీళ్లు పోసేస్తుంటారు. ఆ నీళ్లలోని లవణాలు సన్నటి గొట్టాల్లో పొరలా పేరుకుంటాయి, తుప్పు పట్టిస్తాయి. నడివేసవిలో ఇంజిన్ ఉడికిపోయేది అప్పుడే. మాన్యువల్‌లో చెప్పిన కూలెంటే పోయించండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత తీయకూడదు... మరిగే నీళ్లు ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది.

ఎర్ర దీపం వెలిగితే...

డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగిందంటే ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని అర్థం. ‘ఇంటికి దగ్గర్లోనే ఉన్నాంగా’ అనుకుని నడిపితే కొద్ది నిమిషాల్లోనే ఇంజిన్ పట్టేయొచ్చు. వెంటనే పక్కకు తీసి ఆపేయడమే మార్గం. ఆయిల్ మార్పించే ఖర్చెక్కడ, ఇంజిన్ విప్పించే ఖర్చెక్కడ!

నెలకోసారి పది నిమిషాలు కేటాయించండి. బండి చల్లగా ఉన్నప్పుడు ఆయిల్, కూలెంట్ మట్టం చూసుకోండి. స్టెప్నీతో సహా టైర్లలో గాలి సరిచూడండి. ఎంత పట్టించాలన్నది చాలా కార్లలో డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది.

మన రాష్ట్రాల్లో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండి కండిషన్ చూసి మరో 5 ఏళ్లకు పొడిగిస్తారు. వాయిదాలు కట్టి కొనుక్కున్న కారు అప్పటిదాకా నమ్మకంగా నడుస్తుందా, సగంలోనే షెడ్డు దారి పడుతుందా అన్నది చాలావరకు ఈ చిన్న అలవాట్ల మీదే ఆధారపడి ఉంటుంది.