వానకు కులం లేదు, వలసకు ఉంది



వాతావరణం మారుతోంది, జనం ఊళ్లు వదిలి పోతున్నారు, ఆ వలసను డేటాతో కనిపెడతాం అంటున్నారు పెద్ద చదువులవాళ్లు. నీళ్లు ఎక్కడ నిలిచాయో ఉపగ్రహం ఫోటో తీస్తుంది. ఏ ఫోను ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో సెల్ టవరు రాసుకుంటుంది. 2010లో హైతీ భూకంపం తర్వాత, 2013లో బంగ్లాదేశ్‌లో మహాసేన్ తుపాను తర్వాత ఇలాగే లెక్క తీశారు. మంచిదే. సైన్సు మీద మాకు కోపం లేదు. ఆ లెక్కలో మనం ఉన్నామా అన్నదే మా ప్రశ్న.

టవరు లెక్కపెట్టేది ఫోనుని, మనిషిని కాదు. మన పల్లెల్లో చాలా ఇళ్లకు ఒకటే ఫోను, అదీ మగాడి జేబులో. పదిమంది ఆడకూలీలు ఆటో ఎక్కి మిరపకాయ కోతకు గుంటూరు వైపో, ఖమ్మం వైపో పోతే టవరుకు కనపడేది మేస్త్రీ ఒక్కడే!

బుడమేరు పుట్టేది మన మైలవరం కొండల్లోనే. 2024 సెప్టెంబరు 1న అది బెజవాడ సింగ్ నగర్‌ను ముంచింది. అక్కడ అద్దె గదుల్లో ఉండి తాపీపని, పాచిపని చేసుకునేవాళ్లలో మనోళ్లెందరు? కింది ఇల్లు మునిగితే 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు అన్నారు. యాప్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. తాళం వేసున్న ఇల్లు సంగతేంటి? ఒకే గదిలో ఆరుగురు కూలీలుంటే ఎవరి పేరు రాయాలి? నీళ్లకు భయపడి సొంతూరికి పారిపోయినవాడే ఆ లెక్కకు అందకుండా పోయాడు.

ఇంకో మోసం ఉంది. వాన వల్ల వలస పోయారని రాస్తారు. వాన ఆసామి చేలో కురవలేదా? ఆయనెందుకు పోలేదు వలస? ఆయనకు పట్టా ఉంది, బ్యాంకులో అప్పు పుడుతుంది. మనకు సెంటు భూమి లేదు, ఉన్న పల్లె పల్లంలో ఉంది. ఉపగ్రహానికి పల్లం కనపడుతుంది. మనల్ని పల్లంలో పెట్టిందెవరో కనపడదు. వలస లెక్కలో కులం గడి, భూమి గడి లేకపోతే నేరమంతా మబ్బు మీదికి పోతుంది.

1991 జనగణనలో వలసకు కారణాల కింద కరువు, వరదలు అన్న గడి ఉండేది. 2001లో తీసేశారు, 2011లోనూ పెట్టలేదు. 2020 లాక్‌డౌన్‌లో దారిలో చచ్చిన వలస కూలీలెందరని ఆ సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, లెక్క లేదు కాబట్టి పరిహారం ప్రశ్నే రాదన్నారు. లెక్క లేకపోవడం కూడా వాళ్లకు లాభమే.

కొత్త జనగణన 2027 మార్చి 1 నాటికని, కులం కూడా రాస్తామని 2025లో ప్రకటించారు. మార్చి అంటే మిరప కోతల కాలం! మా బడుల్లో సంక్రాంతి తర్వాత హాజరుపట్టీ చూడండి, మాల మాదిగ పిల్లల పేర్ల ఎదుట వరసగా గైర్హాజరే. ఏ ఉపగ్రహమూ అంత ఖచ్చితంగా చెప్పలేదు. తాళం వేసిన ఆ ఇళ్లను ఎవరు రాయిస్తారు?

కాబట్టి పల్లెకో పుస్తకం పెట్టండి. ఎవరు, ఏ నెలలో, ఏ ఊరికి, ఏ మేస్త్రీ వెంట పోయారు, బయానా ఎంత, ఆ ఏడు వరదా ఎండా, భూమి ఎంత, అన్నీ రాయండి. చదువుకున్న పిల్లలు ఫోనులో ఎక్కించొచ్చు. కానీ పుస్తకం సంఘం దగ్గరే ఉండాలి. 1985లో కారంచేడు నుంచి చీరాలకు, 1991లో చుండూరు నుంచి తెనాలికి మనవాళ్లు ప్రాణాలరచేత పట్టుకుని పోయారు. వెంటపడ్డవాళ్ల చేతిలో ఆనాడు ఈ టవరు లెక్క ఉండి ఉంటే? ఎవరెక్కడున్నారో చెప్పే కాగితం కరెంటు తీగలాంటిది. పేర్లు బయటికివ్వొద్దు, సంఖ్యలే ఇవ్వండి.

ప్రభుత్వం వరద జాబితా వేసినప్పుడు గ్రామసభలో పైకి చదవమనండి. 2006 నుంచి ఉపాధి పనుల సామాజిక తనిఖీలో మస్టర్లు అలాగే చదివించాం కదా. పక్కన మన పుస్తకం తెరిచి పెట్టుకోండి. తప్పిన ఇళ్లెన్నో మండల కార్యాలయంలో రాసిచ్చి రసీదు అడగండి, దాని నకలు మాకు పంపండి.