వాన వద్దని మొక్కే రోజులు

చినుకు పడితే చాలు, పల్లెల్లో మొహాలు విప్పారుతాయని మనం అనుకుంటాం. వాన రాకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకునే రోజులు కూడా రైతుకు వుంటాయని పట్నవాసులం మరచిపోతూ వుంటాం. కోతకొచ్చిన వరిమీద తుఫాను విరుచుకుపడితే ఎలా వుంటుందో మన డెల్టా వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. పంజాబులో గోధుమ రైతుకు ఆ గండం మార్చి నెలలో వస్తుంది.

మా తమ్ముడు బాంకి ఉద్యోగం మీద లూధియానాలో వున్నాడు. 2023 మార్చి ఆఖరులో నేను వెళ్ళినప్పుడు, "అక్కయ్యా, నువ్వు చపాతీలు చేయడమేగాని గోధుమ చేను చూడలేదు కదూ!" అంటూ తనకు పరిచయమున్న ఒక రైతు ఇంటికి తీసుకువెళ్ళాడు.

ఇల్లంతా పెళ్ళివారి హడావిడి! కోడలు రేకు గాదెలు కడిగి ఎండకు బోర్లించింది. ఏడాది తిండికి ఇంట్లో గోధుమలు నిలవ వుండేది వాటిలోనే. అడుగున వేయడానికి వేపాకు ఆరబెట్టింది. మనుమడు టార్పాలిన్ల చిరుగులకు అతుకులు వేస్తున్నాడు. కొడుకు కోత మిషను వాడితో ఫోనులో బేరం ఆడుతున్నాడు. కోతంతా మిషనుదే అయినా కొడవళ్ళకు పదును పెట్టడం మానలేదు. మిషను మలుపు తిరగడానికి చేను మూలలు చేత్తో కోయాలిట. ఎండిన చేలో ఒక్క నిప్పురవ్వ పడితే అంతా భగ్గుమంటుందని ట్యాంకరు నిండా నీళ్ళు పట్టి సిద్ధంగా వుంచారు.

ఇంటి పెద్దావిడను అందరూ "బేబే" అంటారు. డెబ్బయి అయిదు దాటాయి. ఆమె ఒక వెన్ను తుంచి, అరచేతిలో నలిపి, గింజ పంటికింద పెట్టి కొరికింది. "ఇంకా మెత్తగానే వుంది. కటుక్కుమనాలి. పచ్చిగింజ తీసుకుపోతే మండీలో కొనరు" అంది. తేమ నూటికి 12 పాళ్ళు మించకూడదని సర్కారు లెక్క. ఆ లెక్క ఆవిడ పంటికి తెలుసు!

"నేను కాపురానికి వచ్చిన కొత్తలో గోధుమ నా గుండెల దాకా ఎదిగేది. ఎరువు కాస్త ఎక్కువైతే తన బరువుకు తనే పడిపోయేది" అంది. తరువాత పొట్టి రకాలు వచ్చాయి. 1966లో మన దేశం మెక్సికో నుంచి 18,000 టన్నుల విత్తనాలు తెప్పించింది. ఆ పొట్టి గోధుమే దేశం ఆకలి తీర్చింది.

మేము సెలవు తీసుకోబోతూ వుండగా పడమట మబ్బు పట్టింది. గాలి లేచింది. చూస్తూ వుండగానే వడగళ్ళు! ఆ రాత్రి అక్కడే వుండిపోయాం. ఎవరూ సరిగా తినలేదు. రేకుల మీద రాళ్ళు పడిన చప్పుడల్లా బేబే కళ్ళు మూసుకుని వింటూ కూర్చుంది. "నిరుడు మార్చిలో ఎండ మండిపోయి గింజ మాడింది. ఈ ఏడు ఇది" అని మాత్రం అంది.

తెల్లవారి చేనుకు వెళ్ళాం. పొరుగు రైతు ముందురోజే నీరు పెట్టాడుట. తడి నేల వేళ్ళను పట్టి వుంచలేక చేను చాప పరచినట్టు పడిపోయింది. వీళ్ళు గాలి వాటం చూసి నీరు పెట్టకపోవడం వల్ల ఏడెకరాల్లో రెండే పడ్డాయి. కొడుకు వంగి నాలుగు దుబ్బులు నిలబెట్టాడు. చేయి తీయగానే అవి మళ్ళీ వాలిపోయాయి. అతను ఏమీ అనలేదు. వెనక వున్న మనుమరాలు గిరుక్కున తిరిగి ఇంటివైపు నడిచింది. ఆ పిల్ల నర్సింగు చదువుకు కట్టవలసిన రుసుం ఆ చేలోనే వుంది.

లెక్క కట్టి చూడండి. ఎకరానికి 20 క్వింటాళ్ళు వస్తాయని వాళ్ళ ఆశ. ఆ ఏడు సర్కారు ధర క్వింటాలు 2,125 రూపాయలు. ఏప్రిల్ నెలాఖరుకు తమ్ముడు ఫోను చేశాడు. సరాసరి 17 వచ్చాయిట. అంటే 21 క్వింటాళ్ళు, 44,625 రూపాయలు, ఒక్క రాత్రిలో పోయాయి! పడిన చేను కోయడానికి మిషనువాడు ఎక్కువ అడిగాడు కూడానూ. ముడుచుకున్న గింజ మామూలుగా నూటికి 6 పాళ్ళు మించితే కొనరు. ఆ ఏడు 18 పాళ్ళ వరకు కొనడానికి కేంద్రం ఒప్పుకోబట్టి కొంత నయం.

"మరి పిల్ల చదువో?" అని అడిగాను.

"బేబే తన గాజులు తీసి ఇచ్చిందిట. 'చదువుకు వానా లేదు, వడగళ్ళూ లేవు, పో' అందిట."

ఇప్పుడు పిండి జల్లించేటప్పుడు జల్లెట్లో మిగిలిన పొట్టును చూసి విసుక్కోవడం మానేశాను. చపాతీ ముక్క కంచంలో వదిలేసే మా చిన్నవాడికి బేబే గాజుల కథ చెప్పాను. వాడు మాట్లాడకుండా ఆ ముక్క నోట్లో వేసుకున్నాడు.